ప్రార్థన గది అధ్యక్షుడు

ఆ ఆసుపత్రిలో ప్రార్థన గదికి అధ్యక్షుడు కావాలంటే ఒకే ఒక్క అర్హత కావాలని చివరికి తేలింది. దేవుడంటే నమ్మకం ఉండకూడదు. ఆ అర్హత మత్తు డాక్టరుకు తప్ప ఇంకెవరికీ లేదు. ఉన్నా, దాన్ని అంత గట్టిగా నలుగురిలో చెప్పుకునే నోరు ఇంకెవరికీ లేదు.

ఆపరేషన్ థియేటర్లున్న అంతస్తులో, మెట్ల పక్కన, విరిగిన చక్రాల కుర్చీలు పడేసే గది ఒకటి ఉండేది. లోపలికి తమ మనిషిని పంపి బయట మిగిలిపోయిన బంధువులు ఏదో ఒక గోడవైపు తిరిగి కళ్లు మూసుకుంటున్నారని, పై అధికారులు దాన్ని ఖాళీ చేయించి, రంగు వేయించి, అన్ని మతాలవాళ్లకూ కలిపి ప్రార్థన గది చేశారు. వారం తిరక్కుండానే గొడవలు మొదలయ్యాయి. కుర్చీలు ఎటు తిరిగి ఉండాలి, చెప్పులు ఎక్కడ విడవాలి, పైకి పాడొచ్చా, పాడితే పక్కవాళ్ల మౌనం గతేమిటి. వీటిని తేల్చడానికి కమిటీ వేశారు. థియేటర్ల హెడ్ నర్సు చర్చి తప్పని మనిషి. మందుల గది చూసే ఫార్మసిస్టు నమాజు తప్పని మనిషి. ఎక్స్‌రేలు తీసే ఆయన పూజ కాందే మంచినీళ్లు ముట్టడు, అందుకే అందరూ ఎక్స్‌రే పంతులు అంటారు. ముగ్గురిలో ఎవరు అధ్యక్షులైనా మిగతా ఇద్దరికీ లోపల ఒక అనుమానం ఉండిపోతుంది.

"మన మత్తు డాక్టరు గారిని పెట్టుకుందాం. ఆయనకు ఏ దేవుడూ చుట్టం కాదు" అంది హెడ్ నర్సు.

కాదనడానికి ఆయన నోరు తెరిచాడు గానీ, తెరిచిన నోట్లోంచి "సరే" అని వచ్చింది. తన హేతువాదానికి ఇన్నాళ్లకు ఒక కుర్చీ దొరికిందని లోలోపల పొంగిపోయాడు. ఆ సాయంత్రం అద్దంలో చూసుకుంటూ, దేవుణ్ణి నమ్మనందుకు దేవుడి గదికి కాపలా ఉద్యోగం సంపాదించిన మొదటివాణ్ణి నేనేనేమో అనుకుని తనలో తనే నవ్వుకున్నాడు. ఆయనలో మంచి గుణాల్లో ముందు చెప్పుకోవలసింది అదే. తనమీద తనకు నవ్వు వస్తుంది. కాకపోతే ఎప్పుడూ కాస్త ఆలస్యంగా వస్తుంది.

ఆయన పని పద్ధతి గురించి కూడా చెప్పాలి. రోజూ మొదటి రోగి రాకముందే మత్తు ఇచ్చే మెషీన్‌ను పరీక్షించాలి. ఆక్సిజన్ వస్తోందా, గొట్టాలు ఎక్కడైనా లీకవుతున్నాయా, గొంతులో చేరినదాన్ని లాగే సక్షన్ పనిచేస్తోందా, కరెంటు పోతే బ్యాటరీ అందుకుంటుందా, అలారం మోగుతుందా. నర్సు ఒక్కొక్క పేరే పిలుస్తుంది, డాక్టరు చూసి "ఉంది" అంటాడు. అంతా అయ్యాక ఆమె "పేషెంటు?" అని అడుగుతుంది, ఈయన పేరు చెబుతాడు, అప్పుడు రోగిని లోపలికి తెస్తారు. మధ్యలో ఎవరైనా పలకరించి ఆపారా, మళ్లీ మొదటి నుంచి చదవాల్సిందే.

ఇది ఒకసారి చేస్తే చాలు. ఈయన మూడుసార్లు చేస్తాడు. మొదటిసారి కళ్లతో, రెండోసారి చేత్తో. మూడోసారి మాత్రం మెషీన్ నెత్తిమీద అరచెయ్యి పెట్టి, కళ్లు సగం మూసి, మాటా పలుకూ లేకుండా కాసేపు నిలబడతాడు. ఎవరైనా అడిగితే "కంపనం చూస్తున్నాను" అంటాడు. థియేటర్లో దాని పేరు సారు గారి పూజ. ఆ పేరు తెలియనివాడు ఆసుపత్రి మొత్తంలో ఆయనొక్కడే.

ఆయన దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు పక్క థియేటర్లో చేస్తున్న చిన్న డాక్టరమ్మ ఒకసారి అడిగింది. "సార్, ఒకసారి సరిగ్గా చూస్తే చాలదా?"

"చాలదమ్మా."

"ఎందుకు చాలదు సార్?"

ఆయన ఫోను మోగినట్టు జేబు తడుముకుని వరండాలోకి వెళ్లిపోయాడు.

*

నెలకోసారి ఆ గదిలో ఒక చర్చ పెట్టాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మొదటి చర్చకు విషయం ఎక్స్‌రే పంతులే తెచ్చాడు. విశ్వాసం, హేతువు ఒకే ఇంట్లో కాపురం చెయ్యగలవా? అధ్యక్షుడు ఆ వారమంతా స్నానం చేస్తూ కూడా ఉపన్యాసం సాధన చేశాడు. అక్కను కూడా వచ్చి వినమన్నాడు.

ఆయనకున్న చుట్టమల్లా అక్కే. తల్లి పోయేటప్పటికి ఈయనకు ఎక్కాలు కూడా రావు, ఆమెది కాలేజీ వయసు. అప్పట్నుంచి ఆమే అమ్మ, ఆమే మాస్టారు. తర్వాత నిజంగానే లెక్కల టీచరైంది, రిటైరైంది కూడా. తమ్ముణ్ణి పెంచడంలో ఆమెకూ, పెరగడంలో ఈయనకూ పెళ్లి చేసుకునే తీరిక చిక్కలేదు. ఒకే ఇంట్లో పై వాటా ఆమెది, కింద వాటా ఈయనది. ఆమె తెల్లవారగానే కళ్లు మూసుకుని కాసేపు దేవుడితో కూర్చుంటుంది. ఆ తర్వాత కళ్లద్దాలు పెట్టుకుని, ఎవరూ అడక్కపోయినా, కష్టమైన లెక్క ఒకటి ముందేసుకుంటుంది.

"ఈ రెండూ ఒకే తలకాయలో ఎలా పడతాయక్కా?" అని ఈయన చాలాసార్లు అడిగాడు.

"నా తలకాయలో చోటుందిరా. నీ దాంట్లో నువ్వే నిండిపోయావు" అనేది ఆమె.

చర్చ రోజున గది నిండింది. అధ్యక్షుడు లేచి, గొంతు సవరించుకుని, తాను బాగా పదును పెట్టుకున్న వాక్యం వదిలాడు. "ప్రార్థన అంటే ఏమీ చెయ్యకపోవడానికి మనం పెట్టుకున్న మర్యాదైన పేరు."

చప్పట్లు కొడతారనుకుని ఆగాడు. ఎవరూ కొట్టలేదు. తలుపు దగ్గర కూర్చున్న అక్క దగ్గింది.

ఫార్మసిస్టు నెమ్మదస్తుడు, కూర్చునే మాట్లాడాడు. "నేను మందు ఇచ్చేముందు డోసు లెక్క చూస్తాను సార్. రోగి బరువు చూస్తాను, వయసు చూస్తాను. ఇచ్చాక దేవుణ్ణి తలుచుకుంటాను. లెక్క చూడకుండా దేవుణ్ణి తలుచుకుని ఇచ్చానా, ఆయనే నన్ను క్షమించడు. ఇందులో నేను ఏం చెయ్యకుండా ఉన్నాను?"

"లెక్కతోనే పనైపోయినప్పుడు తలుచుకోవడం దేనికండీ?"

"లెక్క మందు వరకే సార్. మందు లోపలికి వెళ్లాక నా చేతిలో ఏముంది? అప్పుడు కూడా అంతా నా చేతిలోనే ఉందనుకుంటే నాకు నిద్ర పట్టదు."

ఎక్స్‌రే పంతులు అందుకున్నాడు. "నా ఫొటోలో ఎముక పడుతుంది. నొప్పి పడదు. పడలేదు కాబట్టి నొప్పే లేదంటామా?"

"అనం. ఆ నొప్పికి మందు కనిపెట్టింది మాత్రం ప్రార్థన కాదంటాం" అన్నాడు అధ్యక్షుడు, బాగా చెప్పాననుకుని.

"కనిపెట్టినవాళ్లు ప్రార్థించలేదని మీకెవరు చెప్పారు?"

"ప్రార్థించారని మీకెవరు చెప్పారు?"

ఇద్దరికీ ఎవరూ చెప్పలేదు. అప్పుడు హెడ్ నర్సు లేచింది. "డాక్టరు గారు అడగాల్సింది అడగలేదు, నేనే అడుగుతాను. ప్రార్థన చేయించుకున్నవాళ్లు పోలేదా? పోయారు. ఎంతమంది కళ్లో ఈ చేతులతోనే మూశాను. ప్రార్థన బేరం కాదు సార్. బేరమైతే నేను ఎప్పుడో మానేసేదాన్ని."

ఆయనేమో ప్రార్థన బేరమే అనుకుని ఉపన్యాసమంతా తయారుచేసుకున్నాడు మరి.

"ఇంకొక్క మాట" అంది హెడ్ నర్సు. "మత్తు ఎక్కించేముందు రోగితో మీరేమంటారు?"

"నేనిక్కడే ఉంటాను, ఎక్కడికీ వెళ్లను అంటాను."

"వాళ్లేం చేస్తారు?"

"కళ్లు మూసుకుంటారు."

"మీ డిగ్రీ చూపించమని అడుగుతారా? మెషీన్ పని చేస్తోందో లేదో తేల్చమంటారా? మీ మొహం చూసి నమ్మేస్తారు. పైగా మీరు నిజంగా ఉండరు కూడా. రోగి కుదుటపడగానే జూనియర్‌ని కూర్చోబెట్టి టీకి వెళ్తారు."

గది మొత్తం నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది అక్క. టీకి వెళ్లడం పద్ధతి ప్రకారం తప్పు కాదని, మెషీన్ దగ్గర మనిషి లేకుండా ఎప్పుడూ వెళ్లలేదని ఆయన వివరించబోయాడు. ఆ నవ్వులో ఎవరికీ వినపడలేదు.

ఇంటికెళ్లేటప్పుడు ఆసుపత్రి మెట్లు దిగుతూ అక్క ఆగిపోయింది. ఆయన తన ఓటమికి కారణాలు చెప్పుకుంటూ ముందు నడుస్తున్నాడు. కిందికి చేరాక గానీ వెంట ఆమె లేదని తెలియలేదు. వెనక్కి తిరిగి చూస్తే ఆమె మెట్ల మధ్యలో, మెట్ల కమ్మీ పట్టుకుని, నోటితో గాలి పీలుస్తోంది. పెదాల రంగు చూడగానే ఆయనకు వాదన, ఓటమి అన్నీ ఎగిరిపోయాయి. పరుగెత్తి పైకి వెళ్లాడు.

"ఎన్నాళ్లనుంచి అక్కా?"

"నువ్వు అధ్యక్షుడివి కాకముందు నుంచే" అంది ఆమె.

*

అక్క గుండెలో ఒక కవాటం సరిగ్గా మూసుకోవడం లేదు. మార్చాలి. ఆ మాట చెప్పిన సర్జను ఈయన స్నేహితుడే. ఇలాంటి ఆపరేషన్లలో పక్కన నిలబడి ఎంతమందికో మత్తు ఇచ్చిన మనిషే ఈయన. అయినా స్నేహితుడు బొమ్మ గీసి చెబుతుంటే, కొత్తగా ఊళ్లోకి దిగినవాడిలా నోరు తెరుచుకుని విన్నాడు. ప్రమాదం ఎంత శాతం అని అడిగాడు. స్నేహితుడు చెప్పింది చాలా చిన్న అంకె. ఆ అంకెను ఈయనే ఎందరి బంధువులకో నవ్వుతూ చెప్పి ఉంటాడు. ఇంత చిన్న అంకె మనిషిని రాత్రంతా కూర్చోబెడుతుందని మాత్రం ఎవరూ ఆయనకు చెప్పలేదు, లేదా చెప్పినప్పుడు ఆయన వినలేదు.

ఆపరేషన్‌కు ముందురోజు సాయంత్రం అక్క మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది.

"ఒరేయ్, రేపు నువ్వు లోపలికి రాకూడదట కదా?"

"రాకూడదక్కా. సొంతవాళ్లకు మనం మత్తు ఇవ్వం. చెయ్యి వణికితే ప్రమాదం. చిన్న డాక్టరమ్మ ఇస్తుంది."

"మంచి పద్ధతే. అయితే నువ్వు నీ గదిలో కూర్చో."

"నా గదేంటి?"

"నువ్వు అధ్యక్షుడివి కదూ, ఆ గది. కూర్చుని నాకోసం ప్రార్థన చెయ్యి."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. వేళాకోళం కాదు. "అక్కా, నేను నమ్మను కదా. నమ్మకుండా ప్రార్థిస్తే అబద్ధం కాదూ?"

"అబద్ధమో నిజమో ఆయన తేల్చుకుంటాడు. నువ్వు కూర్చోవడం నిజమైతే నాకు చాలు. నేను బయటికి వచ్చానని కబురు అందేదాకా గడప దాటకూడదు. మాటివ్వు."

చెయ్యి చాపింది. ఆయన వేశాడు. అక్క భయపడుతోందనుకున్నాడు. ఆమె భయపడగా ఆయన ఇంతవరకూ చూడలేదు. అమ్మ పోయిన రోజు కూడా బియ్యం కడుగుతూ తనకు రెండో ఎక్కం అప్పజెప్పించిన మనిషి. ఆ మనిషి ఇప్పుడు నమ్మకంలేని తమ్ముడి ప్రార్థన కూడా కావాలంటోంది. ఆమె లేకపోతే ఆ ఇంట్లో తనను తిట్టేవాళ్లు ఉండరు. పై వాటాలో అడుగుల చప్పుడు ఉండదు. అంతకుమించి ఊహించడానికి ఆయనకు ధైర్యం చాలలేదు.

*

మర్నాడు థియేటరు తలుపు దాకా మంచం వెంట నడిచాడు. చిన్న డాక్టరమ్మ టోపీ, మాస్కు పెట్టుకుని ఎదురొచ్చింది.

"అమ్మా, మెషీను..." అని ఆయన మొదలుపెట్టాడు.

"ఒరేయ్, నీ గది అటు" అంది అక్క పడుకునే చెయ్యి చూపిస్తూ. తలుపు మూసుకుంది. మూడుసార్లు అన్న మాట ఆయన గొంతులోనే ఉండిపోయింది.

ప్రార్థన గది ఖాళీగా ఉంది. కుర్చీలు ఎటు తిరగాలో తేలక, ఎటూ కాకుండా గుండ్రంగా వెయ్యాలని అప్పట్లో తీర్పు చెప్పింది ఈయనే. ఆ తీర్పుకు ఎంతో గర్వపడ్డాడు. ఇప్పుడు ఆ గుండ్రంలో ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు. ఎక్కడ కూర్చున్నా ఎదురుగా ఒక ఖాళీ కుర్చీ ఉంటోంది. రెండు కుర్చీలు మారాడు. చివరికి తలుపు దగ్గరిది ఎంచుకుని, చేతులు ఎలా పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకున్నాడు.

"అయ్యా" అని మొదలుపెట్టాడు. మునిసిపల్ ఆఫీసులో అర్జీ పెట్టుకుంటున్నట్టుంది. అయినా సాగించాడు. "నేను ఈ గది అధ్యక్షుణ్ణి. తమరు ఉన్నారో లేదో నాకు తెలియదు. లేరనే నా అభిప్రాయం. అయినప్పటికీ మా అక్క విషయంలో..."

అక్కడ ఆగిపోయాడు. ఇంత మర్యాద తక్కువ అర్జీని ఏ ఆఫీసులోనూ ముట్టుకోరు. తానే ఆ సీట్లో ఉంటే విసిరి కొట్టేవాడు. నవ్వు రాబోయి, వచ్చే దారిలో ఇంకేదో అయిపోయింది.

గోడ గడియారం వంక చూశాడు. ఈపాటికి లోపల మత్తు ఎక్కిస్తుంటారు. అంతకుముందు మెషీన్ ఎన్నిసార్లు చూశారో. చేతులు వాటంతటవే లేచాయి. గాలిలో మీటలు తిప్పుతూ, తనకు తెలియకుండానే పైకి అనడం మొదలుపెట్టాడు. "ఆక్సిజన్... ఉంది. గొట్టాలు... ఉన్నాయి. సక్షన్... ఉంది. బ్యాటరీ..."

తలుపు తీసుకుని ఫార్మసిస్టు వచ్చాడు. అధ్యక్షుడు కళ్లు మూసుకుని, చేతులు ఆడిస్తూ, ఏదో జపిస్తున్నాడు. ఫార్మసిస్టు చప్పున చెప్పులు బయట విడిచి, ఒక కుర్చీలో తల వంచుకుని కూర్చున్నాడు. కాసేపటికి ఎక్స్‌రే పంతులు వచ్చాడు. ఏమిటని కళ్లతో అడిగాడు. ప్రార్థన అని ఫార్మసిస్టు సైగ చేశాడు. పంతులు కూడా చేతులు జోడించి కూర్చున్నాడు. "సక్షన్ ఉంది" అని అధ్యక్షుడు అన్నప్పుడల్లా భక్తిగా తల ఊపాడు.

రెండో విడతలో ఉండగా ఆయన కళ్లు తెరిచి వాళ్లను చూశాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"ఆపకండి సార్. మేం మధ్యలో వచ్చినట్టున్నాం" అన్నాడు ఫార్మసిస్టు.

"ఇది ప్రార్థన కాదండీ. మెషీన్ చెక్‌లిస్టు."

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. పంతులే ముందు తేరుకున్నాడు. "ఏదైతేనేం సార్, కానివ్వండి. సగంలో ఆపితే మొదటి నుంచి చదవాలి కదా."

ఇంకోరోజైతే మీ మంత్రాలకు, మా చెక్‌లిస్టుకు పోలికేమిటని ఆయన విరుచుకుపడేవాడే. కానీ థియేటర్లో పద్ధతి సరిగ్గా అదే. కాదనడానికి వీల్లేదు. మొదటికొచ్చాడు. "ఆక్సిజన్..." అన్నాడు. ఆ తర్వాత మాట రాలేదు. ఉంది అనడానికి అక్కడ చూడాలి కదా. అక్కడ ఆయన లేడు. మళ్లీ "ఆక్సిజన్" అన్నాడు, మళ్లీ ఆగిపోయాడు. పాఠం మరిచిపోయిన పిల్లవాడిలా కుర్చీ అంచు పట్టుకుని కూర్చున్నాడు.

హెడ్ నర్సు ఎప్పుడు వచ్చిందో ఎవరూ గమనించలేదు. ఆమెకు ఆ రోజు సెలవు. ఇంటి చీరలో, చేతిసంచీతో తలుపు దగ్గర నిలబడి ఉంది. సంచీ కింద పెట్టి, థియేటర్లో పిలిచే గొంతుతోనే పిలిచింది.

"ఆక్సిజన్?"

ఆయన ఆమెవైపు చూశాడు. "ఉంది" అన్నాడు.

"గొట్టాలు?"

"బిగించి ఉన్నాయి."

"సక్షన్?"

"ఉంది."

"కరెంటు పోతే?" అని పంతులు ఉండబట్టలేక అడిగాడు.

"బ్యాటరీ ఉంది."

"మందులు?" అన్నాడు ఫార్మసిస్టు. "నేనే ఇచ్చాను సార్, పేరూ డోసూ చూసి ఇచ్చాను."

"ఉన్నాయి."

"అలారం?"

"మోగుతుంది."

 తర్వాత హెడ్ నర్సు, రోజూ అడిగేదే, అడిగింది. "పేషెంటు?"

"మా అక్క" అన్నాడు ఆయన.

అని, ముగ్గురి ముందూ చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.  ఫార్మసిస్టు నీళ్ల సీసా మూత తీసి పక్కన పెట్టాడు.  కాసేపయ్యాక ముగ్గురూ ఎవరి పద్ధతిలో వాళ్లు కళ్లు మూసుకున్నారు. ఆయన మాత్రం తెరిచే ఉంచాడు. అప్పుడు తన చెయ్యి కంటబడింది. పక్కనున్న ఖాళీ కుర్చీ నెత్తిమీద, వేళ్లు చాపి, బోర్లా ఆనించి ఉంది. కుర్చీకి కంపనం ఎక్కడినుంచి వస్తుంది? ఇన్నేళ్లూ మెషీన్ దగ్గర తాను చేసిందేమిటో ఆయనకు అప్పుడు అర్థమైంది. థియేటరులో అందరికీ ముందే తెలిసి ఉంటుందని కూడా అర్థమైంది. సిగ్గుతో చచ్చినంత పనైంది. అయినా చెయ్యి తియ్యలేదు.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. చిన్న డాక్టరమ్మ. మాస్కు గడ్డం కిందికి లాగి, నవ్వుతోంది.

"బాగా జరిగింది సార్. ఐసీయూకి మార్చాం."

ఆయన లేచి నిలబడ్డాడు. అడగాల్సినవి ఎన్నో ఉండగా నోట్లోంచి వచ్చింది మాత్రం ఇది. "మెషీన్ ఎన్నిసార్లు చూశావమ్మా?"

"ఒకసారే సార్."

"ఒకసారా!" ఆయన మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు. జరిగిపోయిన ఆపరేషన్‌కు ఇప్పుడు భయపడ్డాడు.

"మీ కోసం మూడుసార్లు చూద్దామనే అనుకున్నాను సార్. అక్కయ్య గారే వద్దన్నారు. 'నీకు అలవాటైనట్టే చెయ్యమ్మా, మావాడి పూజలు నీకెందుకు? వాడు తలుపు దగ్గరికి రాకుండా నేను చూసుకుంటాను' అన్నారు."

పంతులు గట్టిగా దగ్గాడు. హెడ్ నర్సు చేతిసంచీలో ఏదో వెతుక్కుంది.

*

మర్నాడు మధ్యాహ్నానికి అక్క మాట్లాడే స్థితికి వచ్చింది. గొంతు బొంగురుపోయింది గానీ పదును తగ్గలేదు. ఆయన స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు. చేతిలో టీ కప్పు ఉంది.

"ప్రార్థన చేశావా?"

"చెక్‌లిస్టు చదివానక్కా."

ఆమె నవ్వబోయి, ఛాతీ మీద దిండు గట్టిగా అదుముకుంది. "నవ్వించకురా. కుట్లు లాగుతున్నాయి."

"నన్ను మోసం చేశావు కదూ? ప్రార్థన పేరుపెట్టి నన్ను ఆ గదిలో పెట్టి తాళం వేశావు."

"మరేం చెయ్యను? నువ్వు తలుపు అద్దంలోంచి తొంగి చూస్తుంటే ఆ పిల్ల చెయ్యి వణకదూ? సులువైన లెక్క. నీకే తట్టాలి."

"అయితే నా ప్రార్థన నీకు అక్కర్లేదన్నమాట" అన్నాడు ఆయన. ఎందుకో ఆ మాట గుచ్చుకుంది. నమ్మనివాడికి అది గుచ్చుకోవడమేమిటని కూడా అనిపించింది.

"దేవుడితో చెప్పుకోవాల్సింది నేను చెప్పుకున్నాను. నా పని నీకెందుకు అప్పగిస్తాను? నీకు ఎక్కాలే ఒక పట్టాన వచ్చేవి కావు."

"సరే. మరి ఆ ముగ్గురికీ నేనక్కడ ఉన్నానని ఎవరు చెప్పారు? హెడ్ నర్సుకు నిన్న సెలవు."

అక్క కిటికీ వైపు చూసింది. తర్వాత ఆయన వైపు తిరిగింది.

"ముందురోజు నేనే ఒక్కొక్కరినీ పిలిపించి చెప్పాను. ఆ చిన్న అంకె నాకూ చెప్పారు కదరా. ఒకవేళ నేను బయటికి రాకపోతే, ఆ కబురు వినేటప్పుడు నువ్వు ఒక్కడివే ఉండకూడదు. ముగ్గురూ దేవుణ్ణి నమ్మేవాళ్లు, వస్తామంటే వస్తారు."

 ఆమె అప్పుడు భయపడింది నిజమే. భయపడింది తన గురించి కాదు. దానికి వాదన లేదు, ఉపన్యాసం లేదు. ఆమె చేతి మీద చెయ్యి వేశాడు, బోర్లా, వేళ్లు చాపి.

"కంపనం చూస్తున్నావా?" అంది అక్క.

"పూజ చేస్తున్నాను" అన్నాడు.

ఆమె కళ్లు వాలుతున్నాయి. మందు ప్రభావం, ఇంకాసేపట్లో నిద్రపోతుందని ఆయనకు తెలుసు. ఆ నిద్రను చూడటమే ఆయన ఉద్యోగం.

"నేనిక్కడే ఉంటాను, ఎక్కడికీ వెళ్లను" అన్నాడు అలవాటుగా.

"టీకి వెళ్తావుగా" అంది ఆమె కళ్లు మూసుకునే.

నిద్రపోయింది. ఊపిరి సమంగా వస్తోంది, తెర మీద గీత సరిగ్గా నడుస్తోంది. ఐసీయూ నర్సు వచ్చి, నేను చూసుకుంటాను, మీరు వెళ్లి రండి సార్ అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. చేతిలో ఉన్న కప్పు సంగతి సాయంత్రం గానీ గుర్తుకు రాలేదు. అప్పటికి ఆ టీ చల్లారి, మీద మీగడ కట్టి ఉంది.